సహాయం కావాలంటే రోసిలి

కేరళలో, ఇరింజాలక్కుడ బస్టాండు వెనక సందులో రోసిలి డీటీపీ దుకాణానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. ఒక వానాకాలం గాలికి ఊడిపడితే మళ్ళీ పెట్టించలేదు, పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. పెళ్ళి కార్డులు, చర్చి వారపత్రాలు, పోయినవాళ్ళ ఫోటోతో ఏడోనాటి కార్డులు, పార్టీ కరపత్రాలు టైపు చేయించుకోడానికి పాతికేళ్ళుగా జనం ఆ సందులోకి వస్తూనే ఉన్నారు. ఆమెకి యాభై రెండేళ్ళు. పదో తరగతి అయ్యాక టైపు మిషను నేర్చుకుంది, మిషను నుంచి కంప్యూటర్‌కి వచ్చింది. అచ్చయిన కాగితం చేతికిస్తే అక్షరం ఏ సైజో, ఏ ఫాంటో చూడగానే చెప్పగలదు. ప్రోగ్రాములు రాయడం మాత్రం రాదు. ఆ సంగతి ఆమె ఎక్కడా దాచలేదు. ఎవరూ ఆమెని మరిచిపోనివ్వనూ లేదు.

అయినా తాళియోల వెబ్‌సైటులో సహాయం అనే పేజీ తెరిస్తే, మొట్టమొదట కనిపించేది ఆమె పేరు, ఆమె ఫోన్ నంబరు.

తాళియోల, అంటే తాళపత్రం, మలయాళంలో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల కోడ్ ఎలా రాశారో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. మొదలుపెట్టింది త్రిశూర్‌వాడు ఉన్మేష్. ఇంజనీరింగ్ అయిన కొత్తలో, ఏదో శిబిరానికి కరపత్రం అచ్చు వేయించుకోడానికి అతను రోసిలి దుకాణానికి వచ్చాడు. ఆ వారమే ఆమె డబ్బు పెట్టి కొన్న పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్తది కొనుక్కోమన్నారు. పాత పనులన్నీ, వాళ్ళ ఫాంటులతో సహా, అందులోనే చిక్కుకుపోయాయి.

"చేచ్చీ, నా దగ్గర ఒకటుంది. ఇంకా పచ్చిగా ఉంది. పెట్టమంటారా?" అన్నాడు ఉన్మేష్. అక్కని అక్కడ చేచ్చీ అంటారు, అన్నని చేట్టన్ అంటారు.

పెట్టించుకుంది. మర్నాటికల్లా నలభై పేజీలు అచ్చు తీసి, తప్పుగా పడిన ప్రతి అక్షరం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి పంపింది. అన్నిటికంటే ఎక్కువ సున్నాలు 'ఎండె' అనే మాట చుట్టూ ఉన్నాయి. అంటే 'నా' అని. ఆ మాటలో రెండో అక్షరం విడిపోయి పక్కకి జరిగిపోతోంది. "నా కొడుకు, నా భార్య, నా తల్లి అని రాయకుండా చావు కార్డు ఎలా వేస్తాం మోనే?" అని కొడుకుని పిలిచినట్టు అడిగింది. ఉన్మేష్ రెండు రోజులు ఆమె దుకాణంలోనే కూర్చుని సరిచేశాడు. మధ్యాహ్నం ఆమె క్యారియర్‌లోంచే ఉడికించిన కర్రపెండలం, చేపల కూర తిన్నాడు. వెళ్ళేటప్పుడు, "మీరు లేకపోతే ఇది నా కంప్యూటర్‌లోనే ఉండిపోయేది" అన్నాడు.

అది అలా ఉండిపోలేదు. చాలక్కుడిలో ప్రెస్సు నడిపే చాక్కుణ్ణికి రోసిలి చెప్పింది. చాక్కుణ్ణి ఇంకో నలుగురికి చెప్పాడు. కాన్వెంటులో సిస్టర్ అనన్సియ బడి పత్రిక కోసం పెట్టించుకుంది. లైబ్రరీలవాళ్ళు, కుటుంబశ్రీ పొదుపు సంఘాల ఆడవాళ్ళు, సొంత ఖర్చుతో కవిత్వం అచ్చేసుకునేవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. చేరిన ప్రతివాళ్ళకీ సందేహాలు వచ్చాయి, అవన్నీ రోసిలికి వచ్చాయి. మొదట్లో ఫోన్లో చెప్పేది. చెప్పిందే చెప్పలేక ఒక పుస్తకం రాసింది. నూట పన్నెండు పేజీలు, ఎక్కడ నొక్కాలో బొమ్మలతో సహా. ఉదాహరణలకి మొగుడి పేరు వాడుకుంది. 'పొరింజు అరవయ్యో పుట్టినరోజుకి అందరూ రండి' అన్న కార్డుని పెద్దచేయడం, చిన్నచేయడం, మధ్యలోకి జరపడం, గులాబీల అంచు కట్టడం.

"నాకు యాభై ఆరే. రాష్ట్రమంతా నాకు అరవై చేసేశావు కదే" అనేవాడు పొరింజు. అతను పెళ్ళిళ్ళకి మైకుసెట్లు అద్దెకిస్తాడు.

పుస్తకం మీద ఎవరి పేరు వెయ్యమంటారని ఉన్మేష్ అడిగితే, "నా పేరెందుకులే, అందరిదీ అని వెయ్యి" అంది. తాళియోల సముదాయం అని వేశారు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాక, ఒక జనవరి శనివారం, త్రిశూర్‌లో ఒక కాలేజీ సెమినార్ హాల్లో సభ పెట్టారు. వచ్చే వెర్షన్ ఎలా ఉండాలో తేల్చుకోడానికి. రోసిలి పొద్దున్న ఏడింటి బస్సెక్కింది. ఒళ్ళో గులాబీ పువ్వుల్లాంటి అచ్చప్పాల పిండివంట డబ్బా, సంచిలో నోటుపుస్తకం. వాడేవాళ్ళు ఏడాదిపాటు చెప్పుకున్న ఇబ్బందులు అరవైకి పైగా ఉంటే, కోడ్ రాసేవాళ్ళని విసిగించకూడదని పదకొండుకి కుదించి రాసుకుంది. దారిలో సిస్టర్ అనన్సియ ఫోన్.

"పేజీ నంబర్లు పోయాయి రోసిలీ!"

"పోవు సిస్టర్, దాక్కుంటాయి. పైన ఎడం పక్క మూడో బొమ్మ నొక్కండి. నొక్కారా? వచ్చాయా? మరింకేం. నా పేర ఒక ప్రార్థన చేయండి, ఇవాళ పెద్ద సభ."

హాల్లో పద్నాలుగు మంది ఉన్నారు. ఓటు ఉన్నది తొమ్మిదిమందికి. తాము రాసిన కోడ్ తాళియోలలో చేరినవాళ్ళకే ఓటు. కాలక్షేపానికి వచ్చి సలహాలు పడేసి పోయేవాళ్ళ బెడద పడలేక మొదట్లో ఉన్మేష్ పెట్టిన నియమం అది. రోసిలికి అది ఎప్పుడూ తప్పుగా తోచలేదు. ఆ రోజుదాకా ఓటు వేయాల్సిన పని పడనూ లేదు.

మాట్లాడడానికి అభినంద్ లేచాడు. ఇరవై ఏడేళ్ళవాడు, కొచ్చిలో ఒక కంపెనీలో ఉద్యోగం. చేరి మూడేళ్ళే అయినా, కోడ్‌లో సగం ఇప్పుడు అతనే రాస్తున్నాడు.

"మనం రెండు పనులు చేస్తున్నాం. ఒకటి లోపలి ఇంజిన్. అక్షరాలు కలిపి పేజీ కట్టేది. దానికి వంక పెట్టేవాడు లేడు. పెద్ద పెద్దవాళ్ళు వాడుతున్నారు. రెండోది, పైన తగిలించిన ఈ బొత్తాలు, మెనూలు, బొమ్మలు. మన టైములో పదింట ఎనిమిది వంతులు దీనికే పోతోంది. ఫిర్యాదులన్నీ దీనిమీదే. వచ్చే వెర్షన్ నుంచి ఇంజిన్ ఒక్కటే ఉంచుదాం. కావలసినవాళ్ళు కమాండ్ రాసి పేజీ తీసుకుంటారు."

రోసిలికి మొదట సరిగ్గా అర్థం కాలేదు. పక్కన కూర్చున్న ఫసీల చెవిలో చెప్పింది. ఆ బొత్తాల బొమ్మలన్నీ గీసింది, వాటి కోడ్ రాసింది ఫసీలే.

"కమాండ్ రాయడం రానివాళ్ళో?" అని అడిగింది రోసిలి, కూర్చున్నచోటి నుంచే.

"నేర్చుకోవచ్చు చేచ్చీ. రెండు వారాల పని."

"సిస్టర్ అనన్సియకి డెబ్భై ఒకటి మోనే. నేర్చుకునేలోపు పైనుంచి పిలుపొస్తుంది."

వెనక ఎవరో నవ్వారు. అభినంద్ కూడా నవ్వాడు, ఆ తర్వాత నవ్వు ఆపాడు.

"నేనెవర్నీ తక్కువ చేయడం లేదు. ఒక్కటి చెప్పండి. ఇన్నేళ్ళల్లో ఆ వాడేవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఒక్క లైను కోడ్ రాసిచ్చారా? మనం రాసుకున్నది మనకోసం. ఇంకొకళ్ళకి పనికొస్తే సంతోషం. అంతేగాని వాళ్ళకోసమే చేయాలని ఎక్కడ రాసుంది?"

"రాసుంది. మీ వెబ్‌సైటులో మొదటి వాక్యం. 'ప్రతి మలయాళీ చేతికీ' అని. నేనే టైపు చేశాను."

అభినంద్ పెన్ను తీశాడు.

"అది మారుద్దాం" అన్నాడు అభినంద్, ముందున్న కాగితం మీద రాసుకుంటూ.

వెటకారంగా అనలేదు. నిజంగానే మార్చాల్సిన పనుల్లో ఒకటిగా రాసుకున్నాడు. రోసిలికి అదే ఎక్కువ తగిలింది.

"మేం తీసేసినంత మాత్రాన పోయేదేముంది చేచ్చీ? పాత కోడ్ అంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకుని నడుపుకోవచ్చు. స్వేచ్ఛ అంటే అదే కదా."

"ఎవరు నడుపుతారు? చాక్కుణ్ణి చేట్టనా? ఆయన కరెంటు పోతే కంప్యూటర్ చచ్చిపోయిందేమోనని నాకు ఫోన్ చేస్తాడు. మీరు తలుపు తెరిచే ఉందంటున్నారు. ఆ తలుపు మీకు కనిపిస్తోంది మోనే. మాకు అక్కడున్నది గోడ."

"చేచ్చీ, మిగతాది టీ తర్వాత" అన్నాడు సభ నడిపే పెద్దమనిషి.

బయట మెట్ల మీద పాలు లేని కట్టన్ చాయ, పప్పుతో చేసిన పరిప్పువడ ఇచ్చారు. ఉన్మేష్ అందరికీ దూరంగా సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాడు. అతనికి ముప్పై రెండు వచ్చాయి, ముందు జుట్టు పల్చబడింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాడు. రోసిలి వెళ్ళి పక్కన నిలబడింది.

"నువ్వు నోరు విప్పలేదేం?"

"ఏం విప్పను చేచ్చీ?"

"వాడు నీ ఇల్లు పడగొడతానంటుంటే చూస్తూ కూర్చున్నావు."

ఉన్మేష్ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "పోయిన జూలైలో మా అబ్బాయి అప్పుకి డెంగ్యూ వచ్చింది. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉన్నా. లోపల వాడికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తున్నారు. ఫోన్ మోగింది. ఎవడో కున్నంకుళం వాడు. పెళ్ళి కార్డులు రెండు వేలు వేశాక చూసుకున్నాడట, పెళ్ళికూతురి పేరులో అక్షరం విడిపోయిందని. మా అమ్మని, నాన్నని కలిపి తిట్టాడు. ఆస్పత్రిలో ఉన్నాను సార్ అన్నా. నువ్వెక్కడ చస్తే నాకేంటి, నా కార్డుల సంగతి చెప్పు అన్నాడు. వాడెవడో నాకు తెలీదు. వాడికి నేను చేసిన అపకారమల్లా ఊరికే ఇవ్వడం."

"పేరు చెప్పు. వాడి సంగతి నేను చూస్తా."

"ఒకడైతే చెప్పేవాణ్ణి."

"నేనెప్పుడైనా తిట్టానా ఉన్మేష్?"

హాల్లోంచి ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వస్తోంది.

"మీరు తిట్టలేదు. అడిగారు. ఆదివారాలు అడిగారు, ఓణం నాడు అడిగారు. తిట్టినవాడి ఫోన్ పెట్టేసేవాణ్ణి చేచ్చీ. మీ ఫోన్ పెట్టేయలేకపోయేవాణ్ణి."

రోసిలి చేతిలో పరిప్పువడ కొరికినంత మేర కొరికినట్టే ఆగిపోయింది. ఓణం నాటి ఫోన్ ఆమెకి గుర్తుంది. కుటుంబశ్రీవాళ్ళ సావనీరులో బొమ్మలు రాకపోతే చేసింది. అవతల పిల్లల గోల, ఆకుల్లో వడ్డిస్తున్న చప్పుడు విని కూడా మాట పూర్తిచేసే పెట్టేసింది.

"చెప్పాల్సిందిరా."

"చెబితే మీరేం చేసేవారు? అన్ని ఊళ్ళవాళ్ళకి ఏం చెప్పేవారు?"

ఆమెకి ఫోన్ చేసినవాళ్ళంతా ఆమె గొంతులోనే అతని చెవిలో పడ్డారని, తొమ్మిదేళ్ళ తర్వాత, సైకిల్ స్టాండు దగ్గర, అప్పుడు తెలిసింది.

టీ తర్వాత నోటుపుస్తకం తెరిచే అవసరం రాలేదు. నేరుగా చేతులెత్తమన్నారు. తీసేయాలని ఆరు చేతులు లేచాయి. తర్వాత ఉన్మేష్ చెయ్యి లేచింది, భుజం దాకా. ఏడు. వద్దని ఫసీల, ఇంకొక అబ్బాయి. రోసిలి అందరి చేతులూ చూస్తూ కూర్చుంది. తన రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆ అచ్చప్పాలు పంచింది. బాగున్నాయన్నారు, అందరూ రెండేసి తిన్నారు. ఎవరో డబ్బా కడిగి, తుడిచి కూడా ఇచ్చారు.

ఇంటికొచ్చాక పొరింజు అంతా విని, మైకు వైరు చుట్టలు చుడుతూ అన్నాడు: "నీకు జీతం లేదు. ఓటు లేదు. ఇక మిగిలింది తిట్లు. దానికోసం ఇంత ఏడుపేంటే?"

"ఏడవడం లేదు."

"మరి ఉల్లిపాయలేవీ?"

తిట్లు కూడా వచ్చాయి. వాడేవాళ్ళకి ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పింది. ఇకమీదట కొత్తది రాదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోండి, కంప్యూటర్ మార్చకండి అని. కొందరు సరేనన్నారు. కొందరికి సంగతి ఎక్కలేదు. చాక్కుణ్ణికి మాత్రం బాగా ఎక్కింది.

"నువ్వు చెప్తేనే కదా నా పాతది తీసి పారేశాను! డబ్బు పెట్టి కొన్నవాడికి కనీసం వెళ్ళి గొడవ పెట్టుకోడానికి ఒక ఆఫీసుండేది. ఇప్పుడు నేనెవరి కాలర్ పట్టుకోవాలి? నీదా?"

"నేను చేసింది కాదు చేట్టా."

"చేసింది నువ్వు కాదు. అంటగట్టింది నువ్వేగా."

అతను ఫోన్ పెట్టేశాక కూడా ఆమె కాసేపు చెవి దగ్గరే పెట్టుకుంది. అన్న మాటలో అబద్ధమేమీ కనిపించలేదు.

పాతది ఒక ఏడాది నడిచింది. ఆ తర్వాత కంప్యూటర్లు వాటంతటవే అప్‌డేట్ అయినప్పుడల్లా తాళియోలలో ఏదో ఒకటి విరిగేది. ఫసీల రెండుసార్లు బాగుచేసి పంపింది. మూడోసారికి ఆమెకి బిడ్డ పుట్టింది. రోసిలి ఫోన్ చేయబోయి, నంబరు దాకా వెళ్ళి, ఆగిపోయింది. సైకిల్ స్టాండు దగ్గరి మాట తర్వాత ఎవరికి ఫోన్ చేయాలన్నా ఆమె వేలు అలాగే ఆగుతోంది. తాళియోల బొత్తాలు ఒకటొకటిగా పనిచేయడం మానేశాయి. ఎర్ర పెన్సిల్ తీసే పనిలేదు. తప్పులు చుట్టి పంపడానికి అవతల ఎవరూ లేరు.

ఆ వేసవిలోనే అభినంద్ పనిచేసే కొచ్చి కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి అమ్మకానికి పెట్టింది. లోపల తాళియోల ఇంజిన్, పైన వాళ్ళు చేసిన చక్కటి బొత్తాలు. ఏడాదికి ఇంతని కట్టాలి. ఇంజిన్ ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి వాళ్ళూ వాడుకున్నారు. అందులో దొంగతనమేమీ లేదు. అభినంద్ స్వయంగా ఇరింజాలక్కుడ వచ్చి, రోసిలి కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు. నిజంగా బాగుంది. నోటుపుస్తకంలో ఆమె రాసుకున్న పదకొండులో తొమ్మిది అందులో సరిగా ఉన్నాయి.

"ఇవన్నీ ఎలా తెలిశాయి మోనే? నేను చదవనేలేదే?"

"వాడేవాళ్ళ ఇబ్బందులని మీరు రాసిన పాత మెసేజీలన్నీ తాళియోల వెబ్‌సైటు ఫోరంలో ఉన్నాయి కదా చేచ్చీ. మొత్తం చదివాం. యూజర్లకి ఏం కావాలో అంత వివరంగా ఇంకెక్కడుంది?"

ఆమె సహాయం అన్న చోట నొక్కింది. పేజీ తెరుచుకుంది. 'పొరింజు అరవయ్యో పుట్టినరోజుకి అందరూ రండి' అని ఉంది. కింద గులాబీల అంచు. ఒక్కో వాక్యం కిందికి జరుపుతూ చదివింది. కామాలు కూడా ఆమెవే. చిట్టచివర, చిన్న అక్షరాల్లో, తాళియోల సముదాయానికి కృతజ్ఞతలని ఉంది.

"ఇది నేను రాసింది."

అభినంద్ ముఖం ఎర్రబడింది. "పేరు లేదు కదా చేచ్చీ. సముదాయం అని ఉంది. ఉన్నదున్నట్టు వేశాం. లైసెన్సు ప్రకారం..."

"తప్పేం లేదులే. వెయ్యొద్దన్నది నేనే."

అతను కాసేపు అటూ ఇటూ చూసి, అసలు వచ్చిన పని చెప్పాడు. కంపెనీలో ఫోన్లకి జవాబు చెప్పడానికి మనుషులు కావాలి. జీతం ఇస్తారు. ఇంట్లోంచే చేయొచ్చు. "మీకంటే బాగా ఎవరు చెబుతారు? మీరు ఊఁ అంటే చాలు."

"వారం టైమివ్వు" అంది రోసిలి, గంభీరంగా.

ఆ వారం ఆమెకి వారంలా లేదు. మొదటి రోజు ఛీ అనుకుంది. రెండో రోజు, ఇన్నాళ్ళూ చేసిన పనే కదా, దానికి ఎవరో మొదటిసారి ధర కడుతున్నారనుకుంది. మూడో రోజు, ఫోన్ దగ్గర పెట్టుకోడానికి కొత్త నోటుపుస్తకం కొంది. నాలుగో రోజు తనే అభినంద్‌కి ఫోన్ చేసి, చేస్తానంది.



"చేచ్చీ... ఎలా చెప్పను. పైవాళ్ళు డిగ్రీ ఉండాలంటున్నారు. నేను చాలా చెప్పి చూశాను. అబ్బాయిల్ని తీసుకున్నారు, ఆరుగుర్ని. మీ పుస్తకంతోనే ట్రైనింగ్ ఇస్తున్నాం."

"మంచిది మోనే" అంది రోసిలి. నిజంగా అలాగే అంది. పొరింజుకి ఈ సంగతి చెప్పలేదు. కొత్త నోటుపుస్తకంలో పాలవాడి లెక్క రాయడం మొదలుపెట్టింది.

చాక్కుణ్ణి కొన్నాడు. కాన్వెంటువాళ్ళు కొన్నారు. చర్చి వారపత్రం శనివారానికి రావాల్సిందే కాబట్టి రోసిలీ కొంది. అయినా ఆమెకి ఫోన్లు ఆగలేదు. కంపెనీకి చేస్తే పాట వినిపిస్తోందని, నాలుగు నిమిషాల్లో తెమల్చమంటున్నారని, వాళ్ళ భాష అర్థం కావడం లేదని జనం మళ్ళీ ఆమెకే చేసేవాళ్ళు. మొదటి నెల జవాబు చెప్పింది. రెండో నెల ఒక మధ్యాహ్నం, "కంపెనీ నంబరు రాసుకోండి" అంది. ఎదుటి మనిషి నొచ్చుకుంటున్నట్టు తెలిసింది. నంబరు రెండోసారి కూడా చెప్పి పెట్టేసింది. సిస్టర్ అనన్సియ ఫోన్ కూడా అలాగే పెట్టేసిన రోజు ఆమె అన్నం తినలేదు. తర్వాత అలవాటైపోయింది.

సభ జరిగి రెండున్నరేళ్ళయ్యాక, వానలు మొదలైన జూన్‌లో, ఉన్మేష్ దుకాణానికి వచ్చాడు. గొడుగు గుమ్మం దగ్గర పెట్టి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక పాత నోటుపుస్తకం తీశాడు. తల్లి పోయి ముప్పై రోజులైందట. ఆవిడ తిరువాతిర పండక్కి ఆడవాళ్ళు ఆడుతూ పాడుకునే పాటలు రాసుకునేదట, ఇంట్లో ఎవరికీ తెలీదు. బీరువాలో చీరల కింద దొరికాయి. నలభై ఒకటో రోజుకి చిన్న పుస్తకంగా వేసి అందరికీ పంచాలి.

"నువ్వే కట్టుకోవచ్చుగా?" అంది రోసిలి. ఎత్తిపొడవాలని అనలేదు, అయినా ఎత్తిపొడుపులాగే వచ్చింది.

"మూడు రోజులు కూర్చున్నా. ఇంజిన్ ఇప్పుడు నేను రాసిందిలా లేదు. అమ్మ ఫోటో పక్కన పాట పెడదామంటే అక్షరాలు ముఖం మీదికి ఎక్కుతున్నాయి. ఎవరినైనా అడుగుదామంటే..." ఆగిపోయాడు. "ఎవరిని అడగాలో తెలీలేదు."

రోసిలి కుర్చీ జరిపి చోటిచ్చింది. సాయంత్రం దాకా ఇద్దరూ కూర్చున్నారు. ఆమె టైపు చేస్తుంటే అతను తల్లి చేతిరాత చదివి వినిపించాడు. ఒకచోట అతను చదవడం ఆపేస్తే ఆమె కీబోర్డు మీద చేతులు ఆపి, తెరనే చూస్తూ ఆగింది. ఫోటో పెట్టడానికి ఒక బొత్తాం నొక్కింది. పాట ఫోటో పక్కన బుద్ధిగా సర్దుకుంది.

"ఇంతేనా?" అన్నాడు ఉన్మేష్.

"ఇంతే."

"ఇది మనదే కదా చేచ్చీ. లోపలంతా మనం చేసిందే."

"అవును. అందుకే ఏడాదికోసారి కడుతున్నాం."

అతను నవ్వబోయి మానేశాడు. బయట వాన జోరందుకుంది. కాసేపటికి, గోడకేసి చూస్తూ మెల్లగా అన్నాడు: "మళ్ళీ మొదలుపెడితే ఎలా ఉంటుంది? మనిద్దరమే. ఇంజిన్ జోలికి పోవద్దు. పైన ఉండేదొక్కటి, మామూలు మనుషులకి. ఫసీల కూడా వస్తుంది, అడిగాను. ఈసారి ఓటు మీకే ముందు."

రోసిలి వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. ఒక్క క్షణం ఆమె కళ్ళల్లో ఏదో కదిలింది. అది అతను చూశాడు. ఆమె కూడా అతను చూడడం చూసింది.

"ఫోన్లు ఎవరెత్తుతారు?" అంది.

ఉన్మేష్ పక్కనున్న ప్లాస్టిక్ కవరు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు ఎత్తుతావా?"

అతను కవరు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. ఎత్తుతానంటే అది అబద్ధమవుతుందని ఇద్దరికీ తెలుసు. ఆమె ప్రింటర్‌లో కాగితాలు సర్ది, మొదటి ప్రూఫు తీసి, వేడిగా ఉండగానే అతని చేతిలో పెట్టింది.

"ఏడో పేజీలో మీ అమ్మగారి ఇంటిపేరు సరిచూసుకో. అచ్చయ్యాక వచ్చి అడిగితే నేనేం చేయలేను."

ఉన్మేష్ కళ్ళజోడు తుడుచుకుని, ఏడో పేజీ తీసి, వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి చదవడం మొదలుపెట్టాడు.